వదిన తిన్న సుషీ

సిబ్బంది విశ్రాంతి గది,
విమానాశ్రయం.
జనవరి 9

వదినా,

నా చేతికి ప్రమోషన్ వచ్చింది. నాకు కాదు, చేతికే. జీతం అంతే, యూనిఫాం అదే, నిలబడే చోటు మాత్రం మారింది.

ఎనిమిది నెలలుగా ఈ సుషీ కౌంటర్లో నేను చేసిందంతా అన్నమే. బియ్యం ఏడు నీళ్లు కడగడం, వండటం, వేడి తగ్గకముందే వెనిగర్ చల్లి, ఒక చేత్తో కలుపుతూ ఇంకో చేత్తో విసరడం. చేపని తాకనివ్వలేదు మా మేస్త్రి. హోటల్ లాండ్రీలో ఇరవై ఏళ్లు దుప్పట్లు మడతపెట్టిన చేతులకి ఇంకేం వస్తుందని ఆయన అనుమానం కాబోలు. పోయిన వారం నా అన్నం నాలుగు మెతుకులు నోట్లో వేసుకుని, గోడవంక చూస్తూ చాలాసేపు నమిలి, "రేపట్నుంచి ముందుకొచ్చి నిలబడు" అన్నాడు. ఆయన నోట్లోంచి వచ్చే పొగడ్త అంతకంటే పొడుగుండదు.

ఇప్పుడు నేను కౌంటర్ ముందు వరసలో ఉంటున్నాను. ఇక్కడ కూర్చున్నవాళ్లని ఏం తింటారని ముందు అడగం. "విమానం ఎన్నింటికి?" అని అడుగుతాం. ఇరవై నిమిషాలే ఉంటే అన్నం ముద్ద మీద పచ్చి చేప ముక్క పెట్టినవి నాలుగు ఇచ్చి పంపిస్తాం, గంట ఉంటే అన్నంలో చేప పెట్టి చుట్టలు చుడతాం, మూడు గంటలుంటే వాళ్ల కథ కూడా వింటాం. ప్రతి ముక్కా ఒక్క నోటికి పట్టేంతే ఉండాలి, కొరుక్కుని తినకూడదు. పక్కన పెట్టే ఆకుపచ్చ ముద్ద ఉంటుందే, అది ముక్కులోంచి నడినెత్తికెక్కుతుంది. పచ్చడి అనుకుని ఒకాయన చెంచాడు నోట్లో వేసుకుని నా ముందే భోరుమన్నాడు.

మావి రెండు కౌంటర్లు. తనిఖీ దాటగానే ఎదురయ్యేది పెద్దది, నేనుండేది అక్కడే. ఇంకోటి ఎక్కడో చివర, ఆరు స్టూళ్లది. అక్కడ డ్యూటీ వేస్తే మనిషితో మాట్లాడక నోరు పాచిపోతుంది.

అసలు విషయానికొస్తా. వెనక గదికి రంగు వేయించాను, లేత పసుపు. జూన్‌తో నీ ఉద్యోగం అయిపోతుంది కదా. జూలై ఒకటికల్లా నువ్వు ఆ గదిలో ఉండాలి. అన్నయ్య పోయి ఆరేళ్లయింది, నువ్వక్కడ ఒక్కదానివీ నేనిక్కడ ఒక్కదాన్నీ ఎందుకు చెప్పు. ఫోన్ చేస్తే ఇద్దరం ఏడుపు మొదలెడతామని కదా ఈ ఉత్తరాల గోల పెట్టుకున్నాం. ఒకే ఇంట్లో ఉంటే ఎదురెదురుగా కూర్చుని తిట్టుకోవచ్చు.

నీ
బుడంకాయ


బస్సు షెడ్డు,
డ్రైవర్ల గది.
జనవరి 27

బుడంకాయకు,

నీ చేతికి నా ఆశీస్సులు. నేను కాపురానికొచ్చిన కొత్తలో, పదమూడేళ్లదానివి, నువ్వు అన్నం వండితే అడుగు మాడేది, పైన పలుకుండేది. మీ అన్నయ్య మధ్యలో ఉన్నది తీసుకుని తినేవాడు. అలాంటిదానికి అన్నంలోనే ప్రమోషన్ అంటే, ఆ మేస్త్రి ఓపికకి దండం పెట్టాలి.

ఇక్కడ అంతా మామూలే. నా బడి బస్సులో నలభై రెండు మంది పిల్లలు, ముందు సీటు ఒక్కటి. రోజూ యుద్ధమే. వారం వారం వంతు పెట్టాను. ఇప్పుడు వంతు ఎవరిదని యుద్ధం.

ఒక కొత్త సంగతి. ఏటా చేసే కళ్ల పరీక్షలో ఈసారి చివరి వరస చదవలేకపోయాను. అద్దాలు పెట్టుకుంటేనే బండి నడపనిస్తామన్నారు. షెడ్డు వెనక వీధిలో చిన్న దుకాణం ఉంటే వెళ్లాను. ఆయన నా కళ్లు చూసి వెంటనే అద్దాలు చేసివ్వలేదు. మర్నాడు పొద్దున షెడ్డుకొచ్చాడు. నన్ను డ్రైవర్ సీట్లో కూర్చోబెట్టి, తను బస్సు మెట్టు మీద కూర్చుని, నేను రోడ్డు ఎంతసేపు చూస్తాను, పక్క అద్దం ఎంతసేపు చూస్తాను, వెనక పిల్లల్ని చూడ్డానికి మెడ ఎంత తిప్పుతాను, అన్నీ కాగితం మీద రాసుకున్నాడు. "అద్దాలు దుకాణంలో కూర్చుని పెట్టుకునేవి కావండీ, పని చేసేచోట పెట్టుకునేవి" అన్నాడు. ముప్ఫై ఏళ్లుగా నడుపుతున్నాను, నేను బండి ఎలా నడుపుతానో అంత శ్రద్ధగా చూసినవాళ్లు లేరు. ఫ్రేము చెవి వెనక ఒరుసుకుంటోందని మూడుసార్లు వెళ్లాను, మూడుసార్లూ విసుక్కోకుండా వంచి ఇచ్చాడు. ఇప్పుడు దూరంగా వచ్చే పిల్లల మొహాలు కూడా తెలుస్తున్నాయి. ఎవడు ఏడుస్తూ వస్తున్నాడో ముందే తెలిసిపోతోంది.

గది సంగతి నిదానంగా చూద్దాం, జూన్ ఇంకా దూరం ఉంది కదా.

చేపలు కోసేటప్పుడు వేళ్లు జాగ్రత్త.

వదిన


విమానాశ్రయం.
ఫిబ్రవరి 16

వదినా,

కళ్లద్దాలాయన గురించి పేజీ. నా గది గురించి ఒక వాక్యం. లేత పసుపు నచ్చలేదా? నచ్చకపోతే చెప్పు, గోడే కదా, మళ్లీ వేయిస్తాను.

మంచం కూడా కొన్నాను. నీకు ఎడమ పక్కకి తిరిగి పడుకోవడం అలవాటు కాబట్టి కిటికీ ఎడమ వైపు వచ్చేలా వేశాను. ఊపిరి బిగబట్టి మరీ జరిపాను దాన్ని, నడుం ఇంకా పట్టేసే ఉంది.

నా చేతికి ఇప్పుడిప్పుడే అంచనా వస్తోంది. ముద్ద గట్టిగా నొక్కితే రాయి, వదులుగా పట్టుకుంటే కస్టమర్ వేళ్ల మధ్యే విడిపోతుంది. మేస్త్రి నా పక్కన నిలబడి మాట్లాడడు, గొంతు సవరించుకుంటాడు. ఒకసారి సవరిస్తే అన్నం ఎక్కువైందని, రెండుసార్లు సవరిస్తే ఆ ముక్క పక్కన పడేయమని.

ఇంకొకటి నేర్చుకున్నాను. విమానానికి ముందు తినేవాళ్లని చూస్తే ఎందుకు వెళ్తున్నారో చెప్పేయొచ్చు. ఉద్యోగం మీద వెళ్లేవాళ్లు పళ్లెం వంక చూడరు. ఇష్టంలేని చోటికి వెళ్లేవాళ్లు చివరి ముక్క వదిలేస్తారు. పెళ్లై కొన్నాళ్లయినవాళ్లు ఒకరి పళ్లెంలోంచి ఒకరు అడక్కుండా తీసుకుంటారు, కొత్తవాళ్లు అడిగి తీసుకుంటారు.

అవునూ, ఆ కళ్లద్దాలాయనకి పెళ్లాం పిల్లలున్నారా? ఊరికే అడిగాను.

నీ
బుడంకాయ


ఇంటి దగ్గర.
మార్చి 8

బుడంకాయకు,

నువ్వు ఊరికే అడగవు. అలా అడిగే దానివైతే ఈ ఉత్తరం రాయడానికి నాకు మూడు వారాలు పట్టేది కాదు.

ఆయన భార్య పోయి తొమ్మిదేళ్లు. ఒక కూతురు, వేరే ఊళ్లో పళ్ల డాక్టరు దగ్గర పనిచేస్తుంది. దుకాణం వెనక రెండు గదుల్లో ఆయనొక్కడే ఉంటాడు. పోయిన నెల నా అద్దాల ముక్కు దగ్గర ఉండే రబ్బరు మారుస్తూ, తల ఎత్తకుండా, మనం పెళ్లి చేసుకుంటే ఎలా ఉంటుందండీ అని అడిగాడు. నేను ఇంట్లో అడగాలన్నాను.

"ఇంట్లో ఎవరున్నారు?" అన్నాడు.

"మరదలుంది" అన్నాను.

అందుకని అడుగుతున్నాను. యాభై అయిదేళ్లొచ్చాక పెళ్లేమిటని అనుకో, తప్పు లేదు, నేనూ అనుకున్నాను. కానీ ఆయన షెడ్డు వైపు వస్తుంటే నాకు సంతోషంగా ఉంటుంది. సిగ్గు విడిచి రాస్తున్నాను. సాయంత్రం బస్సు కడిగేటప్పుడు కూనిరాగం తీస్తున్నానని నాకే తెలీలేదు, మెకానిక్ చెప్పాడు. మీ అన్నయ్య ఫోటో ఎక్కడుండేదో అక్కడే ఉంది. ఆయన్ని పక్కకి జరిపి ఎవర్నీ కూర్చోబెట్టడం లేదు. అది నీకు చెప్పక్కర్లేదనుకుంటా, అయినా రాస్తున్నాను.

ఆయనకి ఔననీ చెప్పలేదు, కాదనీ చెప్పలేదు. ఏప్రిల్ 19న వాళ్ల కూతుర్ని చూడ్డానికి వెళ్తున్నాం. మీ విమానాశ్రయంలో దిగి ఇంకో విమానం ఎక్కాలి, మధ్యలో మూడు గంటలు. నేను విమానం ఎక్కడమే మొదటిసారి. నీ కౌంటర్ ముందు కూర్చుని నీ చేతి ముక్క తింటాను. ఆయన్ని చూడు. చూశాక నువ్వు వద్దంటే వద్దు, జూలై ఒకటిన నా పెట్టె నీ పసుపు గదిలో ఉంటుంది. అలుగుతానేమోనని భయపడకు.

వదిన


విమానాశ్రయం.
మార్చి 15

గౌరవనీయులైన వదిన గారికి,

మీ ఉత్తరం అందింది. మీరు ఆరోగ్యంగా ఉన్నారని తెలిసి సంతోషం.

మీ సొంత విషయాల్లో ఔననడానికీ కాదనడానికీ నేనెవరిని? మీరు పెద్దవారు, అన్నీ ఆలోచించే చేస్తారు. ఏప్రిల్ నెలలో కౌంటర్ దగ్గర రద్దీ ఎక్కువగా ఉంటుంది. ప్రయాణికులతో మాట్లాడే వీలుండదు.

గదికి వేసిన రంగు ఆరింది. వాసన కూడా పోయింది.

ఇట్లు,
ఒకప్పటి మీ మరదలు


ఇంటి దగ్గర.
మార్చి 29

బుడంకాయకు,

ముప్ఫై ఒక్క ఏళ్లలో నువ్వు నన్ను మీరు అనడం ఇది రెండోసారి. మొదటిసారి నేను కాపురానికొచ్చిన రోజు. గుమ్మం చాటున నిలబడి "మీకు మంచినీళ్లు కావాలా" అన్నావు. సాయంత్రానికల్లా నా దువ్వెన తీసుకుని "నువ్వు జడ వెయ్యి" అన్నావు. ఈసారి సాయంత్రం ఎప్పుడవుతుందో నాకు తెలీదు.

ఒకప్పటి మరదలు అని రాశావే, ఆ ముక్క చదివి అద్దాలు తీసేశాను. తీసేసినా కనిపించింది.

నిన్ను నలుగురి ముందు ఇరుకున పెట్టడం నా తప్పే. పని చేసుకుంటున్నదాన్ని, కస్టమర్లు చూస్తుండగా, నవ్వాలో మొహం మాడ్చుకోవాలో తేల్చుకోమనడం మర్యాద కాదు. ఆ రోజు నీ కౌంటర్ దరిదాపులకి కూడా రాము. టికెట్లు ముందే కొన్నాం, దారి మార్చలేం. ఎక్కడో ఒక మూల మూడు గంటలు కూర్చుని వెళ్లిపోతాం. నువ్వు నిశ్చింతగా డ్యూటీ చేసుకో.

ఆయనకి ఇంకా జవాబు చెప్పలేదు. నిన్ను కాదని నాకు కొత్త ఇల్లు అక్కర్లేదు. ఇది బెదిరింపు కాదు, ఉన్న మాట.

వదిన


సిబ్బంది విశ్రాంతి గది,
విమానాశ్రయం.
ఏప్రిల్ 19, మధ్యాహ్నం మూడున్నర

వదినా,

మీ విమానం ఎగిరి గంటయింది. కాసేపటి క్రితం దాకా కలిసే ఉన్నాం, మళ్లీ ఉత్తరమేమిటని నవ్వకు. అక్కడ నలుగురి మధ్య మనం మాట్లాడుకున్నదంతా తిండి గురించే. నువ్వు చూడనిది ఒకటుంది, అది రాయకపోతే నాకు ఈ పూట అన్నం సహించదు.

నువ్వు రానన్నావు. నేను నమ్మలేదు. తనిఖీ దాటి వచ్చేవాళ్లు పెద్ద కౌంటర్ ముందు నుంచే నడవాలి, నువ్వు ఆయన పక్కన నడుస్తూ కనిపిస్తే నా చేతిలో కత్తి ఏమవుతుందో నాకే తెలీదు. అందుకని మేస్త్రిని బతిమాలి ఈ ఒక్కరోజూ చివరి కౌంటర్‌కి వేయించుకున్నాను. ఎవరైనా వస్తున్నారా అని అడిగాడు. ఎవరూ రావడం లేదన్నాను. ఒకసారి గొంతు సవరించుకున్నాడు.

పదకొండున్నర దాటాక ఒకాయన వచ్చి కూర్చున్నాడు. సన్నగా, జేబు చిరుగు చక్కగా కుట్టించుకున్న చొక్కాతో, రెండు చేతుల్లో రెండు సంచులు. నాకు అనుమానమే రాలేదు. నా ఊహలో కళ్లద్దాలాయన లావుగా ఉంటాడు, నున్నగా దువ్వుకుంటాడు, తీపి మాటలు చెప్తాడు. పైగా ఈయనకి కళ్లద్దాలే లేవు. కళ్లద్దాలు అమ్మేవాడికి కళ్లద్దాలు ఉండవని ఎవరనుకుంటారు?

విమానం ఎన్నింటికండీ అని అడిగాను. రెండున్నరకి, ఇంకా చాలా టైముందన్నాడు. తనతో వచ్చినావిడ చేతులు కడుక్కోవడానికి వెళ్లిందనీ, పొద్దున్నుంచి పచ్చి మంచినీళ్లు కూడా ముట్టలేదనీ, పచ్చి చేప జన్మలో తినలేదనీ, మొదట ఏం పెడితే బెదరకుండా ఉంటుందో నన్నే చెప్పమనీ అడిగాడు. ఉడికించిన రొయ్యతో మొదలుపెడదామన్నాను.

"కాదండీ, పచ్చిదే కావాలంటుంది" అన్నాడు. "ఆవిడ మరదలు ఈ పనే చేస్తుంది, ఆ మొదట్లో ఉన్న పెద్ద కౌంటర్లో. మేం అటెళ్తే ఆ అమ్మాయికి ఇబ్బందని, తల దించుకుని గబగబా నడిచి ఇంత దూరం లాక్కొచ్చింది నన్ను. ఆ అమ్మాయి చేత్తో తినే రాత ఎలాగూ లేదట. రోజంతా నిలబడి ఏం చేస్తుందో, అది నోట్లో ఎలా ఉంటుందో తెలుసుకోకుండా మాత్రం విమానం ఎక్కదట."

వదినా, అన్నం చేతిలో అలాగే ఉండిపోయింది. నాకు ఇబ్బందని రానని నువ్వు రాస్తే మాటవరసకనుకున్నాను, నువ్వు నిజంగానే రాలేదట. నేను నీ నుంచి పారిపోయి వచ్చిన చోటికే నువ్వు నా నుంచి దాక్కోవడానికి వచ్చావు. మనిద్దరికీ కలిపి దేవుడు ఒకటే బుర్ర ఇచ్చినట్టున్నాడు, అదీ అంతంతమాత్రం.

ఆ తర్వాత నువ్వు రుమాలుతో చేతులు తుడుచుకుంటూ వచ్చావు. నువ్విక్కడేంటని నువ్వూ, నువ్విక్కడేంటని నేనూ. ఇద్దరం తేలు కుట్టిన దొంగల్లా నిలబడిపోయాం. ఆయన నీ వంక చూశాడు, నా వంక చూశాడు, విషయం అర్థమైంది. రెండు సంచులూ తీసుకుని ఆరో స్టూలు మీదకి వెళ్లి, మనకి వీపు పెట్టి కూర్చున్నాడు. ఆ ఒక్క పనికి సగం మార్కులు వేసేశాను.

నీకు పెట్టిన మొదటి ముక్క నిమ్మకాయంత వచ్చింది. మేస్త్రి చూసుంటే రెండుసార్లు కాదు, పొద్దుగూకేదాకా గొంతు సవరించుకునేవాడు. కొరక్కూడదని ఎప్పుడో రాశాను కదా, నువ్వు కళ్లు గట్టిగా మూసుకుని మొత్తం ఒకేసారి నోట్లో కుక్కుకున్నావు. బుగ్గలు రెండూ పొంగి, కళ్లవెంట నీళ్లు కారుతుంటే చేత్తో విసురుకుంటూ, ఆ ఆకుపచ్చది బాగా ఘాటుగా ఉందన్నావు.

నేను ఆకుపచ్చది పెట్టనే లేదు వదినా.

ఆఖరికి మింగి, మంచినీళ్లు తాగి, నువ్వన్నది ఒకటే. అన్నం బాగుంది. చేప గురించి చెప్పలేదు. ఎనిమిది నెలలు నేను విసిరింది ఎవరికోసమో నాకప్పుడు తెలిసింది.

ఇప్పుడు మార్చిలో రాయాల్సింది రాస్తున్నాను. నాకు ఆయన మీద కోపం లేదు, నీ మీదా లేదు. నువ్వు ఇంకో ఇంటికి వెళ్లిపోతే అన్నయ్య రెండోసారి పోయినట్టు ఉంటుందని భయపడ్డాను. ఆ భయాన్ని మీరు, గారు అని తొడుగులు వేసి పంపించాను. నన్ను తిట్టు.

పెళ్లి చేసుకో. నేను ఇంత తేలిగ్గా ఒప్పుకుంటున్నానంటే దానికి ఇంకో కారణం కూడా ఉంది. మీ విమానం పిలిచాక, నువ్వు ముందు నడుస్తుంటే ఆయన వెనక్కి వచ్చాడు. కృతజ్ఞతలో ఏదో చెప్తాడనుకున్నాను. ఈ దీపం మీ ఎడమ కంట్లోకి కొడుతోందండీ, కత్తి పట్టుకునేవాళ్లకి మంచిది కాదు, కొంచెం పక్కకి తిప్పించండి అని చెప్పి వెళ్లిపోయాడు. పొద్దున్నుంచి ఆ కన్ను ఎందుకు లాగుతోందో అప్పుడు తెలిసింది. మిగతా సగం మార్కులు అక్కడ వేశాను.

మంచం అలాగే ఉంటుంది. ఇద్దరికి చాలదు, ఒకరు కింద పడుకోవాలి. ఎవరన్నది మీరిద్దరూ తేల్చుకోండి. ఈ మీరు మర్యాద మీరు కాదు, ఇద్దరున్నారని.

నీ
బుడంకాయ


ఆయన కూతురింటి దగ్గర.
ఏప్రిల్ 26

బుడంకాయకు,

ఆ రోజు కౌంటర్ దగ్గర అడిగి తీసుకున్న చిరునామాకే ఉత్తరం పంపావు, తెలివైనదానివే. నాలుగుసార్లు చదివాను. ఆకుపచ్చది సంగతి ఆయనకి చదివి వినిపించలేదు.

నిన్ను తిట్టమన్నావు కాబట్టి తిడుతున్నాను, దద్దమ్మా. అయిపోయింది.

నేను చెప్పాల్సింది కూడా ఒకటుంది. పెద్ద కౌంటర్ ముందు నుంచి తల దించుకుని వెళ్లానని ఆయన చెప్పాడు కదా. దించుకున్న తల కిందనుంచే చూశాను. నువ్వు కనపడలేదు. సెలవు పెట్టేశావనుకున్నాను. నన్ను చూడలేక పని మానుకుని ఇంట్లో కూర్చున్నావని నన్ను నేనే తిట్టుకున్నాను. చేతులు కడుక్కునే నెపంతో వెళ్లి అక్కడే కాసేపు నిలబడిపోయాను. ఆయనతో కాదని చెప్పేద్దామని తేల్చుకునే బయటికొచ్చాను. తీరా చూస్తే నువ్వు ఎదురుగా, తెల్ల టోపీ పెట్టుకుని, చేతినిండా అన్నంతో.

ఆయనకి విమానంలో చెప్పాను, సరేనని. కిటికీ పక్క సీటు నాకిచ్చి తను మధ్యలో ఇరుక్కుని కూర్చున్నాడు. నా అద్దాలు అడిగి తీసుకుని తుడిచి ఇచ్చాడు. మురికిగా ఏం లేవు.

వాళ్లమ్మాయి మంచిది. నా పళ్లు చూసి రెండు పుచ్చిపోయాయంది. అంతకంటే దగ్గరితనం ఏం కావాలి?

జూన్ 11న రిజిస్ట్రారు ఆఫీసులో సంతకాలు. ఆయన వైపు కూతురు సాక్షి. నా వైపు కూడా ఒకరు కావాలి. నాకెవరున్నారో నీకు తెలుసు. అడగడానికి మాత్రం నోరు రావడం లేదు, ఎందుకంటే ఒక సంగతి నన్ను తొలిచేస్తోంది. ఇన్నాళ్లూ మీ అన్నయ్య భార్యని కాబట్టి నీకు వదినని. రేపు ఇంకొకరి భార్యనవుతాను. అప్పుడు నన్ను నువ్వు ఏమని పిలుస్తావు? కోపం లేదన్నావు, సంతోషం. కానీ పిలుపు లేకుండా మనిషి ఎంతకాలం దగ్గరగా ఉంటుంది? పేరు పెట్టి పిలుస్తావా? నువ్వు వదినా అంటే పలకడం తప్ప నాకింకేం అలవాటు లేదు.

తొందరేం లేదు, ఆలోచించి రాయి.

వదిన


విమానాశ్రయం.
మే 6

అన్నయ్యా,

ఉత్తరం కవరు మీద మీ పేరు చూసి దుకాణంలో కంగారుపడి ఉంటారు. ఇది మీకే. పక్కనుంచి తొంగి చూస్తున్న ఆవిడని చదవనివ్వండి, పర్వాలేదు.

ఆవిడ నన్నో ప్రశ్న అడిగింది. జవాబు ఆవిడకి రాస్తే మళ్లీ ఇంకో ప్రశ్న అడుగుతుంది, అందుకని మీకు రాస్తున్నాను. నాకు పదమూడేళ్లప్పుడు ఒక వదిన వచ్చింది. ఆవిడ నాకు జడలు వేసింది, జ్వరమొస్తే రాత్రుళ్లు కూర్చుంది, లాండ్రీ ఉద్యోగం మానేసి చేపల పని నేర్చుకుంటానంటే అందరికంటే ముందు సరే అన్న మనిషి ఆవిడే. ఆవిడని నేను ఎవరికీ తిరిగి ఇవ్వను. వదిన వదినే. వదినని పెళ్లి చేసుకుంటున్నవాడు నాకు ఏమవుతాడో లెక్క కట్టడానికి నేను పెద్ద చదువులు చదవక్కర్లేదు.

ఆ మాట పైన రాశాను చూడండి. ఆరేళ్లుగా నేను ఎవరినీ అలా పిలవలేదు. పిలిస్తే మా అన్నయ్యకి అన్యాయం చేసినట్టవుతుందేమోనని నిన్నంతా ఆలోచించాను. మా అన్నయ్య మాడిన అన్నంలో మధ్యది ఏరుకుని తిని, బాగుందని చెప్పే మనిషి. ఆయన కాదనడు. కలం పట్టుకున్నాను, చెయ్యే రాసేసింది. ఇంక మీరు అనడం కూడా మానేస్తాను, ఇప్పట్నుంచే. నువ్వు ఏమీ అనుకోవద్దు.

జూన్ 11కి సెలవు దొరికింది. ముందురోజు సాయంత్రానికల్లా వస్తాను. మేస్త్రి కారణం అడిగాడు, మా అన్నయ్య పెళ్లన్నాను. ఈసారి గొంతు సవరించుకోలేదు, శుభం అన్నాడు.

ఆ ఆఫీసు ఫారం తెప్పించి చూశాను. సాక్షి సంతకం కింద "వధువుకు ఏమవుతారు" అని ఒక గడి ఉంది. అందులో ఆడపడుచు అని రాస్తాను. అక్కడి గుమాస్తా పాత కాగితాలు తిరగేసి, వరుస కుదరలేదండీ, ఈవిడ చనిపోయినాయన చెల్లెలు కదా అంటాడు. వదిన ఏడుపు మొదలెడుతుంది, చూసి నేనూ మొదలెడతాను. అప్పుడు నువ్వు ముందుకొచ్చి చెప్పాలి, ఈవిడ నా చెల్లెలని.

నీ చెల్లెలు